డిసెంబరు తొలి వారాల మీద పడిన నింద

ఆల్ప్స్ పర్వతాల్లో స్కీయింగ్‌కు వెళ్దామనుకునేవాళ్ళకు ఎవరిని అడిగినా ఒకే సలహా దొరుకుతుంది. నవంబరు ఆఖరులోనో డిసెంబరు మొదట్లోనో వెళ్ళకండి, లిఫ్టులు తిరుగుతాయి గానీ ఊళ్ళో ప్రాణం ఉండదు, సగం రెస్టారెంట్లకు తాళాలుంటాయి, బార్లలో ఈగలు తోలుకుంటూ ఉంటారు, చీకటి పడ్డాక గదిలో కూర్చోవడం తప్ప పని ఉండదు, క్రిస్మస్ దాకా ఆగండి అంటారు. మంచు చాలదేమోనన్న భయానికైతే కొలతలున్నాయి, ఎత్తు చూసి అంచనా వేయవచ్చు. సాయంత్రాల మీద చేసే ఈ ఫిర్యాదుకు మాత్రం కొలత ఏమిటని ఎవరూ అడగరు. ట్రావెల్ ఏజెంటు చెప్తాడు, వెళ్ళొచ్చినవాళ్ళు వంత పాడతారు, వెళ్ళనివాళ్ళు నమ్ముతారు. ఈ మాట తప్పని నా వాదన. సీజన్ ఆరంభంలో ఆ ఊళ్ళలో తక్కువగా ఉండేది జనం. తిండికీ సాయంత్రాలకూ లోటు లేదు. చాలా విషయాల్లో అవి కిటకిటలాడే వారాల కంటె మేలుగా ఉంటాయి. జనం పలచబడటాన్ని జీవం లేకపోవడం కింద లెక్కగట్టడంలోనే పొరపాటంతా ఉంది.

వాదన గాలిలో సాగకుండా ఒక ఊరిని తీసుకుందాం. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో, టారంటేజ్ లోయ పై కొసన, 1,850 మీటర్ల ఎత్తున వాల్ డిజేర్ ఉంది. ఏడాది పొడవునా అక్కడే బతికేవాళ్ళు రెండు వేల లోపే. నిండు సీజనులో అతిథుల సంఖ్య దానికి ఎన్నో రెట్లు. మామూలుగా నవంబరు చివరలో లిఫ్టులు తెరుస్తారు. ఫ్రెంచి బడులకు క్రిస్మస్ సెలవులు వచ్చేది డిసెంబరు 20 ప్రాంతంలో. ఈ మధ్యనున్న మూడు వారాల మీదే నింద. అందులో నిజమున్నంత మేరకు ఒప్పుకుందాం. కొన్ని హోటళ్ళు, రెస్టారెంట్లు డిసెంబరు నడిమి దాకా తలుపులు తీయవు. కొండ మీది భోజనశాలలు తమ దగ్గరికి వచ్చే స్కీ దారి తెరుచుకునే వరకూ ఆగుతాయి. రాత్రి క్లబ్బుకు వెళ్తే నాట్యం చేసేవాళ్ళ కంటె ఖాళీ నేల ఎక్కువ కనబడే రోజులూ ఉంటాయి. పన్నెండు గంటలకు బల్లలెక్కి పాడేవాళ్ళ మధ్య నిలబడటమే ఎవరికైనా కావలసిన ఆనందమైతే, వాళ్ళు ఫిబ్రవరిలోనో మార్చిలోనో వెళ్ళడమే సబబు. వాళ్ళతో నాకు తగవు లేదు. వాళ్ళ అభిరుచి అందరికీ కొలబద్ద అయిపోవడంతోనే తగవు.

ముందుగా సాయంత్రం సంగతి. స్కీయింగ్ ముగించుకుని దిగివచ్చినవాళ్ళు చేసే తాగుడూ పాటా గోలా కలిసిన కాలక్షేపాన్ని అక్కడ ఆప్రే-స్కీ అంటారు. కరపత్రాల్లో కనబడే దాని బొమ్మ ఎప్పుడూ ఒకటే: ఎండలో మెరుస్తున్న చెక్క వేదిక, నల్ల కళ్ళద్దాలు, కోట్లు విప్పేసిన జనం, డీజే. ఫ్రెంచి ఆల్ప్స్ అంతటా శాఖలు వేసిన లా ఫోలీ దూస్ అనే వ్యాపారం పుట్టింది వాల్ డిజేర్ కొండ మీదనే, దాని బొమ్మా ఇదే. అయితే ఈ బొమ్మ గీసింది మార్చి నెల. అప్పుడు పగలు పన్నెండు గంటలుంటుంది, మధ్యాహ్నం నాలుగింటికి కూడా ఒంటికి ఎండ తగులుతుంది. డిసెంబరు నడుమ ఆ అక్షాంశం దగ్గర పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. చుట్టూ శిఖరాలున్న లోయలో సూర్యుడు పంచాంగం చెప్పిన సమయం కంటె ముందే కొండ చాటుకు పోతాడు. నాలుగింటికి లిఫ్టులు ఆగేసరికి చీకటి ముంచుకొస్తూ ఉంటుంది. అంటే స్కీయింగ్ సీజను మొత్తంలో అతి పొడవైన సాయంత్రాలు ఈ వారాల్లోవే. బయట ఎండలో నిలబడి తాగే సంబరం లేదని డిసెంబరును తప్పుపట్టడం, ఒక ఋతువును ఇంకో ఋతువు సొత్తుతో తూచడమే. డిసెంబరు సాయంత్రం నాలుగు గోడల మధ్యది. పొయ్యి పక్కన తీరిగ్గా కూర్చుని తినడానికీ తాగడానికీ మాట్లాడుకోవడానికీ ఏర్పడింది. అందులో ఏముందో చూడాలంటే వంటింటి నుంచి మొదలుపెట్టాలి.

ఆ కొండల తిండికి మూలం పాలు. జూన్‌లో పశువులు ఎత్తయిన పచ్చిక మైదానాలకు ఎక్కుతాయి, శరత్తులో దిగివస్తాయి. వాల్ డిజేర్ ఉన్న టారంటేజ్ లోయ బోఫోర్ చీజ్ తయారయ్యే ప్రాంతంలో భాగం. టారిన్, అబొందాన్స్ అనే రెండు జాతుల ఆవుల పచ్చిపాలతో, సగటున 40 కిలోలుండే చక్రాలుగా దాన్ని చేస్తారు. నేలమాళిగలో కనీసం 5 నెలలు మాగితే గాని బోఫోర్ అన్న పేరుతో అమ్మడానికి వీల్లేదు. వేసవి గడ్డీ పూలూ మేసిన ఆవుల పాలతో చేసింది పసుపు రంగు తిరుగుతుంది, ఎండుగడ్డి తిన్న శీతాకాలపు పాలతో చేసింది తెల్లగా ఉంటుంది. లెక్క వేసి చూడండి: జూన్ చివర్లో కొండ మీద చేసిన చక్రం నియమం ప్రకారం అమ్మకానికి అర్హత పొందేది సరిగ్గా నవంబరు చివర్లో, లిఫ్టులు తెరిచే రోజుల్లో. స్విట్జర్లాండ్‌లో లెతివా అనే చీజ్‌ను మే 10 నుంచి అక్టోబరు 10 లోపల, కట్టెల పొయ్యి మీదే చేయాలి. దాన్ని కనీసం 135 రోజులు మాగబెట్టాలి. వలే ప్రాంతపు రాక్లెట్‌కు మూడు నెలలు చాలు, కనుక వేసవి చీజ్ శరత్తుకే సిద్ధం. వెచ్చచేసి చెంచాతో తినే మోందోర్ సెప్టెంబరు 10 నుంచే దుకాణాల్లో ఉంటుంది. ఆగస్టులో రెండు వేల మీటర్లకు పైన కోసిన జెనెపీ మొక్కలు సారాలో నలభై రోజులు నాని, వడకట్టి సీసాల్లోకి చేరి ఉంటాయి. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ లోయల్లో వేటమాంసం వంటకాలకు శరత్తే కాలం. దాని చివరి రోజులు స్కీ సీజను తొలి రోజులను తాకుతాయి.

ఇదే చీజ్ ఫిబ్రవరిలోనూ దొరుకుతుంది కదా అనవచ్చు. దొరుకుతుంది, ఇంకా మాగి రుచి పెరిగి కూడా దొరుకుతుంది. ఫిబ్రవరి తిండి చెడ్డదని నేననడం లేదు. డిసెంబరు మొదట్లో ‘తినడానికేమీ ఉండదు’ అన్న మాటకు ఆధారం లేదంటున్నాను. ఆ ఊళ్ళ కొట్టు నిండేది పర్యాటకులు వచ్చినప్పుడు కాదు, పశువులు కొండ దిగినప్పుడు. వాల్ డిజేర్‌లోనే అద్రోయి అనే పాడిశాల ఉంది. అక్కడ అవాలిన్ పేరుతో ఆ ఊరి చీజ్ చేస్తారు, పక్కనే ఉన్న భోజనశాలలో కూర్చుంటే అద్దం అవతల కొట్టంలో ఆవులు కనబడతాయి. ఆ ఆవులకు క్రిస్మస్ సెలవులతో పని లేదు.

ఇక్కడ గట్టి పూర్వపక్షం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. మీరు కొండల సంప్రదాయ భోజనమంటూ మెచ్చుకునేదంతా పర్యాటకుల కోసం పుట్టించిందే కదా అంటారు చదువుకున్న విమర్శకులు. వాళ్ళ చేతిలో సాక్ష్యముంది. బంగాళాదుంప, ఉల్లి, పందిమాంసం ముక్కల మీద రెబ్లోషాన్ చీజ్ కరిగించే టార్తిఫ్లెట్ 1980లలో ఆ చీజ్ ఉత్పత్తిదారుల సంఘం ప్రచారంతో వ్యాపించిన వంటకం. పేలా అనే పాత పల్లె వంటకం దానికి ఆధారం. కరిగించిన చీజ్‌లో రొట్టె ముక్కలు ముంచుకుని తినే ఫాన్‌డ్యూను స్విట్జర్లాండ్ దేశమంతటి వంటకంగా నిలబెట్టింది స్విస్ చీజ్ యూనియన్. 1914లో ఏర్పడి 1999 దాకా చీజ్ ధరలనూ అమ్మకాలనూ శాసించిన సంస్థ అది. ఇదంతా నిజమే. ఇది నా వాదనను బలపరుస్తుంది కూడా. వంటకాల పేర్లు కొత్తవైనా వాటిలో పడే చీజ్‌కు శతాబ్దాల వెనకటి పశువుల చరిత్ర ఉంది. పర్యాటకుల కోసం తీర్చిన వంటకం మంచిదా కాదా అన్నది దాన్ని ఎంత శ్రద్ధగా వండారన్న దాని మీద తేలుతుంది. శ్రద్ధకు కావలసింది తీరిక. ఆ తీరిక ఏ వారాల్లో ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

ఫ్రాన్స్‌లో ఫిబ్రవరి సెలవులను మూడు మండలాలుగా విడగొట్టి నాలుగు వారాల మీద పరుస్తారు. ఆ నాలుగు వారాలూ, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉన్న వారమూ కొండ రిసార్టుల ఏడాది ఆదాయంలో పెద్ద వాటా. ఆ రోజుల్లో పేరున్న భోజనశాలలు రాత్రికి రెండు విడతలు పెడతాయి: ఏడింటికి కూర్చున్నవాళ్ళు తొమ్మిదికి లేచిపోవాలి, వాళ్ళ వెనకాల ఇంకో గుంపు నిలబడి ఉంటుంది. చాలా హోటళ్ళలో డిసెంబరు 31 రాత్రి విందు వద్దన్నా బిల్లులో చేరుతుంది. జాతర రోజున విస్తరి వేసిన తీరు చూసి ఆ ఊరి వంట మీద తీర్పు చెప్పేవాళ్ళను మనమెవరమూ నమ్మం. ఆల్ప్స్ భోజనం మీద తీర్పులు మాత్రం ఎక్కువగా జాతర రోజుల్లో తిన్నవాళ్ళు చెప్పినవే. డిసెంబరు మొదట్లో బల్ల వెనకాల ఎవరూ నిలబడరు. రాక్లెట్ కరిగే దాకా కూర్చోవచ్చు, ఏ పాడిశాలదని అడగవచ్చు, అప్రెమోన్ ద్రాక్షసారా బాగుందా మోందేజ్ బాగుందా అని వడ్డించేవాళ్ళతో చర్చించవచ్చు. సిబ్బంది కొత్తవాళ్ళు, తడబడతారు అంటారు. తడబడతారు, నిజమే. సీజను పనివాళ్ళు నవంబరు రెండో సగంలోనే దిగుతారు, తొలి వారంలో పళ్ళేలు తారుమారవుతాయి. జాబితాలో వంటకాలు కూడా తక్కువే. కానీ తడబడే మనిషి నిలబడి మాట వింటాడు. ఆరితేరిన మనిషి ఫిబ్రవరి రాత్రి రెండో విడతలో వినలేడు, వినడానికి అతనికి వ్యవధి ఉండదు. అది అతని తప్పు కాదు.

ఇక రాత్రి జీవితం. ఈ మాట అనగానే క్లబ్బూ బారూ తప్ప మరొకటి తట్టకపోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ కొండ ఊళ్ళకు సొంతమైన రాత్రులు ఉన్నాయి, అవి సరిగ్గా ఈ నిందపడ్డ వారాల్లోనే వస్తాయి. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలోని గాస్టైన్ లోయ పేరున్న స్కీయింగ్ ప్రాంతం. డిసెంబరు 5, 6 తేదీల రాత్రుళ్ళు అక్కడ క్రాంపుస్ వేషాలు బయలుదేరుతాయి. చెక్కతో చెక్కిన ముఖాలు, మేక కొమ్ములు, ఒళ్ళంతా గొర్రెతోలు, నడుముకు బరువైన గంటలు, చేతిలో బెత్తాలు. ముందు బిషప్ దుస్తుల్లో సెయింట్ నికొలస్ నడుస్తాడు, బుట్ట మోసేవాడు వెంట ఉంటాడు. ఒక్కో జట్టు ఇంటింటికీ వెళ్తుంది. నికొలస్ పిల్లల మంచిచెడ్డలు విచారించి కానుకలిస్తాడు, గడప దగ్గర క్రాంపుస్‌లు గంటలు మోగిస్తూ భయపెడతారు. ఈస్ట్ టిరోల్‌లోని మాట్రై ఊళ్ళో ఇదే కాలంలో క్లౌబావుఫ్ అనే ఇంకా మొరటు ఆచారం నడుస్తుంది. ఆ వేషాల కింద ఉండేది ఆ ఊరి కుర్రాళ్ళే, చూసేవాళ్ళలో ఎక్కువమంది ఆ ఊరివాళ్ళే. టికెట్టు కొని చూసే ప్రదర్శనలుగా మారిన క్రాంపుస్ పరుగులు నగరాల్లో చాలానే ఉన్నాయి. గాస్టైన్‌లో ఇళ్ళకు వెళ్ళే ఆచారం ఇంకా ఆచారంగానే ఉంది. ‘క్రిస్మస్ దాకా ఆగండి’ అన్న సలహా విన్నవాడు దీన్ని చూసే వీలు లేదు.

ఫ్రాన్స్ వైపు క్రాంపుస్ లేడు గానీ వాల్ డిజేర్‌కు తనదైన డిసెంబరు ఉంది. 1955 నుంచి అక్కడ సీజను మొదట్లో క్రిటేరియం స్కీ పందేలు జరుగుతున్నాయి. ఇప్పుడవి ప్రపంచ కప్‌లో భాగం, మామూలుగా డిసెంబరు రెండు, మూడు వారాల్లో వస్తాయి. 1968 గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన జాన్-క్లోద్ కిలీ పెరిగిన ఊరది. పురుషుల పందెం 1992 ఒలింపిక్స్ కోసం తీర్చిన బెల్‌వార్డ్ వాలు మీద జరుగుతుంది, ఆ వాలు వచ్చి ముగిసేది ఊరి అంచునే. పందేల రోజుల్లో పోటీదారులు, శిక్షకులు, స్కీలకు మైనం పూసే సాంకేతికులు, పది దేశాల విలేకరులు అదే చిన్న వీధిలో తిరుగుతుంటారు, అవే బల్లల దగ్గర తింటుంటారు. స్కీయింగ్ అంటే ప్రాణమిచ్చేవాళ్ళకు అంతకంటె మంచి సాయంత్రాలు సీజనులో ఇంకెప్పుడుంటాయో చెప్పమని సవాలు చేస్తున్నాను. మిగతా రోజుల్లో బార్లలో కనబడేది పనివాళ్ళు. వంటవాళ్ళు, స్కీ నేర్పేవాళ్ళు, లిఫ్టు నడిపేవాళ్ళు, అద్దె దుకాణాల కుర్రాళ్ళు ఇంకా అలిసిపోని వారాలివి. పని ముగిశాక వాళ్ళూ బయటికొస్తారు. అతిథీ పనివాడూ పక్కపక్క స్టూళ్ళ మీద కూర్చుని మాట్లాడుకునే వీలు జనవరి తర్వాత అరుదు.

గుంపునే జీవమనుకునేవాళ్ళు ఒక ఊరి అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. ఆస్ట్రియాలోని పాజ్నౌన్ లోయలో ఇష్గల్ జనాభా సుమారు 1,600. అతిథుల పడకలు పది వేలకు పైన. ఆప్రే-స్కీకి యూరప్ రాజధానిగా ఆ ఊరికి పేరు. 2020 మార్చిలో కిక్కిరిసిన బార్ల నుంచి కొవిడ్ అనేక దేశాలకు పాకింది; మార్చి 13న లోయ మొత్తాన్ని మూసేశారు. ఆ తర్వాత ఇన్స్‌బ్రుక్ వైద్య విశ్వవిద్యాలయం పరీక్షిస్తే ఊరివాళ్ళలో 42.4 శాతం మందికి యాంటీబాడీలు కనబడ్డాయి. మహమ్మారికి రాత్రి జీవితమే కారణమని నేననను. అధికారులు ఆలస్యం చేశారని విచారణ సంఘమే తప్పుపట్టింది. కానీ ‘ప్రాణమున్న ఊరు’ అని మనం మెచ్చుకుంటున్నది భుజం భుజం రాసుకునే గదినేనని ఆ మార్చి తేటతెల్లం చేసింది. నిజానికి ఆ గుంపుతో బతికేవాళ్ళకే అది భారమైంది: రాత్రి ఎనిమిది తర్వాత స్కీ బూట్లతో వీధుల్లో తిరగకూడదని ఇష్గల్ నిషేధం పెట్టుకుంది. ఇదే ఇష్గల్ నవంబరు చివర పేరున్న గాయకులను పిలిచి కచేరీతో సీజను తెరుస్తుంది కదా, ఖర్చు పెట్టనిదే ఆరంభంలో సందడి రాదనేగా అర్థం అనవచ్చు. ఆ ఒక్క రాత్రి ఫిబ్రవరిని అరువు తెచ్చుకోవడం. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక సోమవారం రాత్రి తెరిచి ఉండే భోజనశాలలే సీజను ఆరంభానికి సరైన సాక్షులు.

ఈ నిందలోని అన్యాయం ఇంకో చోట ఉంది. అది తన సాక్ష్యాన్ని తానే సృష్టించుకుంటుంది. ఆరంభంలో ఏమీ ఉండదని చెప్తే అతిథులు రారు. రారని తెలిసిన యజమాని మూడు వారాలు ఆలస్యంగా తలుపు తీస్తాడు. తాళం చూసిన ఒకరిద్దరు వెళ్ళి, ఏమీ లేదన్న మాట నిజమేనని చెప్తారు. దీని భారం పడేది సీజను పనివాళ్ళ మీద. వాళ్ళకు ఒప్పందం నాలుగైదు నెలలది; అందులో మూడు వారాలు పోతే సంపాదనలో పెద్ద భాగమే పోయినట్టు. వాళ్ళకు ఇళ్ళు దొరకడమే కష్టమని 2016 డిసెంబరు నాటి ఫ్రెంచి పర్వత చట్టం పర్యాటక పంచాయతీలన్నీ సీజను పనివాళ్ళ వసతికి ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకోవాలని నిర్దేశించింది. 2020 ముగిసేసరికి యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలిగిన బ్రిటన్ పౌరుల స్వేచ్ఛా ప్రయాణం ఆగిపోవడంతో, ఒకప్పుడు వాల్ డిజేర్‌లోని షాలే అనే అతిథి ఇళ్ళలో వండీ వడ్డించీ బతికిన బ్రిటిష్ యువతలో చాలామందికి ఆ దారి మూసుకుపోయింది. మనుషులు దొరకడమే గగనమైన చోట, దొరికినవాళ్ళను అయిదు వారాల రద్దీలో పిండి మిగతా కాలం ఖాళీగా ఉంచడం తెలివైన వ్యాపారం కాదు. అతిథులు సీజను పొడవునా పరచుకుని రావడమే అందరికీ మేలు.

మంచు లేకుండా సాయంత్రం ఎందుకంటారా? నిజమే, 1,200 మీటర్ల ఊళ్ళో డిసెంబరు 3న పచ్చిక కనబడితే ఎంత మంచి రాక్లెట్టూ ఊరటనివ్వదు. అందుకే ఊరిని ఎంచుకోవాలి. 2,300 మీటర్ల వాల్ తొరాన్స్, 2,100 మీటర్ల తీన్య్, 1,930 మీటర్ల ఓబర్‌గుర్గుల్, హిమానీనదం మీద ఏడాదంతా స్కీయింగ్ నడిచే జెర్మాట్ వంటి చోట్ల తొలి వారాల్లోనూ దారులు నమ్మదగ్గవి. దిగువ ఊళ్ళ కొరతను ఎగువ ఊళ్ళకు అంటగట్టకూడదు.

మ్యూనిక్‌లో, జ్యూరిక్‌లో, జెనీవాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఈ చర్చ దూరపు విషయం కాదు. రైలెక్కితే పూటలో చేరే కొండలివి. వాళ్ళలో బడికెళ్ళే పిల్లలు లేనివాళ్ళు కూడా సలహా విని క్రిస్మస్ వారానికే గది కట్టుకుని, ఎక్కువ ధర చెల్లించి, భోజనానికి వరుసలో నిలబడుతున్నారు. మన శాకాహారులకైతే ఇంకో చిక్కుంది. బోఫోర్, గ్రుయేర్ వంటి సంప్రదాయ చీజ్‌లను దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో తోడుపెడతారు. ఫాన్‌డ్యూలో ద్రాక్షసారా కలుస్తుంది, చాలాచోట్ల కిర్ష్ అనే చెర్రీ సారా కూడా. పళ్ళెంలో మాంసం ముక్క లేనంత మాత్రాన అది మనం తినే తిండని అనుకోవడానికి లేదు. ఏ చీజ్ దేనితో తోడుకుంది, చారులో ఎముకల రసం పోశారా, బుక్‌వీట్‌తో చేసే క్రోజే పాస్తాను వట్టి వెన్నతో చేసిపెడతారా అని అడిగి తెలుసుకోవాలి. డిసెంబరు 28 రాత్రి ఈ ప్రశ్న వేస్తే వడ్డించే అమ్మాయి జాబితా వైపు వేలు చూపి పక్క బల్లకు పరుగెత్తాలి. డిసెంబరు 8న అదే ప్రశ్న వేస్తే, వంటింట్లోకి వెళ్ళి వంటవాణ్ణి అడిగి వచ్చి చెప్పగలదు.